ఉద్యానసలిలక్రీడ: ఉద్దానం నీళ్ళ మీద ఒకనాటి విహారానికి వెనుక ఉన్న చరిత్ర

మహాకావ్యంలో ఉండవలసిన వర్ణనలను లెక్కపెడుతూ దండి తన కావ్యాదర్శంలో నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రసూర్యోదయాలు చెప్పి, ఆ వెంటనే ఉద్యానక్రీడను, సలిలక్రీడను జంటగా పేర్కొన్నాడు. మన ప్రబంధకవులు ఆ జంటను విడదీయకుండా పాటించారు. తోటలో విహరించి అలసినవారు కొలనులో దిగడం ప్రబంధాలలో పరిపాటి. ఈ రెండు క్రీడలకూ ఒకేచోట తావిచ్చిన సీమ శ్రీకాకుళం జిల్లాలో ఒకటి ఉన్నది. పలాస, మందస, సోంపేట ప్రాంతాలలో సముద్రాన్ని ఆనుకొని సాగే కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల నేలను ఉద్దానం అంటాము. ఉద్యానమే ఉద్దానమైనదని పెద్దల మాట. తోట దాటితే ఇసుకదిబ్బ, దిబ్బ దాటితే సముద్రం. వెనక్కి తిరిగితే చెరువులు, గెడ్డలు, వాటి వెనుక మహేంద్రగిరి. దండి చెప్పిన వర్ణనలలో సగం ఇక్కడ కూర్చున్నచోటనే కనబడతాయి.

ఈ చుట్టుపక్కల బడులలో నా దగ్గర చదువుకొని దూరదేశాలలో స్థిరపడినవారు సంక్రాంతికి వచ్చినప్పుడు తరచుగా ఒక ప్రశ్న వేస్తుంటారు. "మాస్టారూ, పిల్లలను తీసుకొని ఒక్కరోజు పడవెక్కి, చెరువులో గాలం వేసి రావాలంటే ఏం చేయాలి? ఏ జాగ్రత్తలు పడాలి?" ఈ టపా ఆ ప్రశ్నకు సమాధానం. సూటిగా చెప్పడం తెలుగు పండితులకు అలవాటు లేని పని గనుక చరిత్ర మీదుగా చుట్టు తిరిగి వస్తాను. ఆ చుట్టుకు ప్రయోజనం లేకపోలేదు. నీటి మీద వేడుకకు వెళ్ళేవాడు తెలుసుకోవలసిన నియమాలను మనవాళ్ళు రెండువేల యేళ్ళనాడే ఆలోచించి పెట్టారు. అవి మరచినప్పుడల్లా ప్రాణాలు పోయాయి.

మూడు రకాల నీళ్ళు

ముందుగా ఈ సీమలోని నీళ్ళను గురించి నాలుగు మాటలు. ఇక్కడివి మూడు రకాలు.

మొదటివి గెడ్డలు, చెరువులు. తూర్పుకనుమలలో పుట్టి తూర్పుగా పరుగెత్తే చిన్న ఏరును ఉత్తరాంధ్రలో గెడ్డ అంటాము. దూరం తక్కువ, వాలు ఎక్కువ. అందుచేత కొండమీద వాన కురిసిన కొద్ది గంటలలోనే గెడ్డ పొంగుతుంది, మరునాటికి తగ్గిపోతుంది. ఈ గెడ్డలకు కట్టలు కట్టి చెరువులు నింపుకోవడం ఇక్కడి సేద్యానికి మూలం. కొంచెం పెద్దదైన మహేంద్రతనయ కొండల నుంచి దిగివచ్చి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. దక్షిణాన వంశధార ఒడిశాలో పుట్టి 254 కిలోమీటర్లు ప్రయాణించి కళింగపట్నం దగ్గర కలుస్తుంది.

రెండవవి బీలలు, తంపరలు. కొండనీరు సముద్రంలోకి పోయేముందు తీరపు ఇసుకదిబ్బల వెనుక నిలిచిపోయే పల్లపు నేలలివి. సోంపేట దగ్గరిది బీల. టెక్కలికి తూర్పున నౌపడ, కాకరాపల్లి ప్రాంతానిది తంపర. చూసేవానికి బురద, తుంగ మాత్రమే కనబడతాయి. అక్కడ బ్రతికేవానికి అది పొలం, చేపల మడుగు, పశువుల మేతబీడు.

మూడవది మొగ. ఏరు సముద్రంలో కలిసేచోటును మనవాళ్ళు మొగ అంటారు. ముఖమే మొగమై, మొగ అయినది. నది నోటిలో సముద్రం ఇసుకను మేటవేస్తుంది, వరద దాన్ని కోసివేస్తుంది. నిరుటి దారి ఈ యేడు ఉండదు. ఇచ్ఛాపురం నుంచి దక్షిణానికి ఈ జిల్లా సముద్రతీరం 193 కిలోమీటర్లు. ఆ పొడవునా ఉన్న ప్రతి మొగకూ ఒక స్వభావం ఉన్నది. దాన్ని ఎరిగినవాడు అక్కడి బెస్తవాడే.

సంగడి నుంచి తెప్ప వరకు

కాళిదాసు రఘువంశంలో ఇందుమతీస్వయంవర సందర్భాన కళింగరాజును మహేంద్రపర్వతానికీ మహోదధికీ కూడా అధిపతి అని పరిచయం చేయించాడు. కొండనూ సముద్రాన్నీ ఒకే రాజుకు కట్టబెట్టడం కవి ఊహ కాదు. ఈ సీమ భూగోళమే అటువంటిది. మలయా భాషలో భారతదేశపు వారికి కెలింగ్ అన్న పేరు వచ్చినది ఈ కళింగం నుంచే. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో టాలెమీ తన భూగోళగ్రంథంలో సువర్ణభూమికి వెళ్ళే ఓడలు తీరం విడిచే చోటును పలూర అనే పట్టణానికి సమీపంలో గుర్తించాడు. ఫ్రెంచి పండితుడు సిల్వేఁ లెవీ ఈ పలూర పేరును పల్లు, ఊరు అని విడదీసి, బౌద్ధవాఙ్మయంలోని దంతపురం ఇదేనన్నాడు. పన్నుల ఊరే దంతపురం! ఆ దంతపురం మన సరుబుజ్జిలి దగ్గరిదా, గంజాం వైపుదా అనే వాదం నేటికీ ఉన్నది. ఎక్కడిదైనా ఆ పేరులో ఉన్నది మన భాషాకుటుంబపు మాట.

ఒకటవ శతాబ్దానికి చెందిన గ్రీకు నావికగ్రంథం పెరిప్లస్, మన తూర్పుతీరపు రేవులలో మానులను జతచేసి కట్టిన పెద్ద నావలను చూచి వాటిని సంగర అని పేర్కొన్నది. మన నిఘంటువులలోని సంగడి అనే మాటకు జంట, సమీపం, జోడించి కట్టిన పడవ అని అర్థాలు. స్నేహితుణ్ణి సంగడీడు అన్నది ఇందువల్లనే. నీటి మీద ఒంటరిగా పోరాదు, జతగా పోవాలి అన్న నీతి ఆ మాటలోనే ఇమిడి ఉన్నది.

ఈ తీరంలో నిన్నమొన్నటి వరకు రెండు రకాల నావలు రాజ్యమేలాయి. ఒకటి తెప్ప. తేలిక మానుల దుంగలను చెక్కి, ఒకదాని పక్కన ఒకటి చేర్చి బంధించిన వాహనం. దీనికి అడుగు లేదు, అంచు లేదు. కెరటం మీద పడితే నీరు దుంగల సందులలోంచి జారిపోతుంది. నిండదు గనుక మునగదు. రెండవది మసూలా పడవ. పలకలను మేకులు లేకుండా కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టి చేసేది. ఇసుకకు కొట్టుకున్నా పలకలు వంగుతాయే తప్ప విరగవు. ఓడరేవులేని ఈ తీరంలో ఆవిరినౌకలు దూరాన లంగరు వేసి నిలిస్తే, మనుషులనూ సరుకులనూ కెరటాలు దాటించి గట్టుకు చేర్చినవి ఈ కుట్టుపడవలే. గంజాం జిల్లా ఉన్న రోజులలో గోపాలపురం, బారువ, కళింగపట్నం రేవులు ఇట్లాగే నడిచాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం రెండయినప్పుడు గోపాలపురం అటు పోయింది, బారువ ఇటు మిగిలింది. గోపాలపురంలోనూ పూరీలోనూ సముద్రస్నానం చేయించే నోలియాలు మన తెలుగు జాలరులే. యాత్రికుని చేయి పట్టుకొని కెరటంలోకి దింపి మళ్ళీ గట్టుకు చేర్చడం వారి వృత్తి. నీటి విహారానికి తోడు వెళ్ళడం మనవారికి అంత పాత విద్య.

తమిళులు తెప్పను కట్టుమరం అంటారు. ఆంగ్లేయ నావికుడు విలియం డాంపియర్ 1697లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో ఆ మాటను వాడాడు. 1876లో అమెరికాలో నెథానియల్ హెరెషాఫ్ అనే నౌకాశిల్పి రెండు కొయ్యగర్భాలను జోడించి ఒక తెరచాప పడవ కట్టి పందెంలో తక్కిన పడవలను వెనుకకు నెట్టాడు. అటువంటి జోడుపడవలన్నిటికీ కాలక్రమాన కాటమరాన్ అనే పేరు స్థిరపడింది. కోటీశ్వరుల విహారనౌకలకు మన తీరపు బీదవాని దుంగల తెప్ప పేరు! నేడు మన తీరంలో కొయ్యతెప్పలు దాదాపు పోయి ఫైబర్ తెప్పలు, మోటార్లు వచ్చాయి. ఆకారం మారినా తెప్ప అన్న మాట నిలిచింది.

దేవుళ్ళ విహారం, రాజుల వినోదం

నౌకావిహారం తెల్లదొరలు నేర్పిన సరదా అని కొందరు భావిస్తారు. మన ఊళ్ళలో నౌకావిహారం చేసేవారు మొదట దేవుళ్ళు. అరసవల్లిలో క్షీరాబ్ధిద్వాదశినాడు ఇంద్రపుష్కరిణిలో స్వామివారికి తెప్పోత్సవం జరుగుతుంది. కార్తికం ముగిసిన మరునాడు, పోలిపాడ్యమి వేకువన, ఆడవారు అరటిదొప్పలలో దీపాలు పెట్టి చెరువులో వదులుతారు. ఒడిశాలో కార్తికపూర్ణిమనాడు చిన్న చిన్న పడవలను నీటిలో వదిలే బొయిత వందన సంప్రదాయం ఉన్నది. పూర్వం వర్తకులు ఓడలెక్కి దూరద్వీపాలకు బయలుదేరిన కాలానికి అది జ్ఞాపకం. ఈ పండుగలన్నీ ఎప్పుడు వస్తున్నాయో గమనించండి. వర్షాలు వెనుకబట్టి, చెరువులు నిండి, నీరు తేటపడిన వేళ. పండుగ పేరిట పంచాంగం మనకు ఋతువును చెబుతున్నది.

ఇక గాలం సంగతి. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దంలో మానసోల్లాసం అనే విజ్ఞానసర్వస్వాన్ని సంస్కృతంలో రచించాడు. దానికే అభిలషితార్థచింతామణి అని మరొక పేరు. రాజుల వినోదాలను చెప్పే భాగంలో మత్స్యవినోదం అని ఒక ప్రకరణం ఉన్నది. చేపల జాతులు, వాటికి ఇష్టమైన మేత, గాలం వేసే విధానం అందులో వివరించబడ్డాయి. మత్స్యశాస్త్రజ్ఞుడు సుందర్‌లాల్ హోరా 1951లో దీనిమీద ప్రత్యేకంగా వ్యాసం ప్రకటించి, ఇది గాలపువేట మీద ఎంత ప్రాచీనమైన రచనో లోకానికి చూపాడు. నాకు అందులో నచ్చిన సంగతి ఒకటి ఉన్నది. రాజు అయినా, చేపను పట్టేముందు చేపను తెలుసుకోవాలి అని ఆ ప్రకరణం భావించింది.

ఆ తెలుసుకునే పని మన తీరంలో మరొకరు కూడా చేశారు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడూ ప్రకృతిశాస్త్రజ్ఞుడూ అయిన పాట్రిక్ రస్సెల్ 1780లలో విశాఖపట్నంలో ఉండి జాలరులు తెచ్చిన చేపలకు బొమ్మలు వేయించాడు. రెండువందల చేపల ఆ గ్రంథం 1803లో లండనులో అచ్చయింది. దాని గొప్పతనమేమంటే రస్సెల్ జాలరులను అడిగి తెలుగు పేర్లను రాసుకున్నాడు. తరువాత ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యూవియే ఒక చేపకు శాస్త్రీయనామంలో పలాసా అనే మాటను చేర్చినప్పుడు అది రస్సెల్ రాసుకున్న మాటే. మన పొలస, గోదావరివారి పులస! పలాస పట్టణం పేరుతో దానికి సంబంధం లేదు గాని, పేరూ అక్షరమూ తెలియని ఒక తెలుగు జాలరి నోటిమాట లాటిను నామావళిలోకి వెళ్ళిందని తలచుకొంటే పండితుని ఒళ్ళు పులకరిస్తుంది.

మద్రాసు సివిలు ఉద్యోగి హెన్రీ సల్లివాన్ థామస్ 1873లో భారతదేశంలో గాలపువేటను గురించి, 1887లో ప్రత్యేకించి చెరువులలో గాలం వేయడాన్ని గురించి పుస్తకాలు రాశాడు. వినోదంగా వేటాడిన ఆయనే చేపల సంతతి నశించకుండా కాపాడాలని కూడా వాదించాడు. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. రేపు కూడా గాలం వేయాలనుకొనేవాడే నేడు చేపపిల్లను వదులుతాడు.

శాస్త్రాలు విధించిన కట్టుబాట్లు

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో నావధ్యక్షుని ప్రకరణం చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. పెద్ద నదులలో తిరిగే నావ మీద నడిపించే నాయకుడు, చుక్కాని పట్టేవాడు, కత్తీ తాళ్ళూ చూసేవారు, చేరిన నీటిని తోడివేసేవాడు తప్పక ఉండాలి అన్నాడు. మనుషులు చాలక గాని, సామగ్రి లేక గాని, మరమ్మతు లేక గాని నావ మునిగితే ఆ నష్టం నావధ్యక్షుడే భరించాలన్నాడు. వేళగాని వేళ, రేవుగాని చోట దాటినవానికి దండన విధించాడు. అయితే జాలరులకు, కట్టెలు గడ్డి మోసేవారికి, తోటమాలులకు, పశువుల కాపరులకు ఆ దండన నుంచి మినహాయింపు ఇచ్చాడు. ఆ మినహాయింపులో చాలా వివేకం ఉన్నది. నీటితో బ్రతికేవానికి వేళా రేవూ తెలుసు. తెలియనివానికే కట్టుబాటు అవసరం.

కళింగయుద్ధం చేసిన అశోకుడు పట్టాభిషేకమైన ఇరవైయారేళ్ళకు వేయించిన అయిదవ స్తంభశాసనంలో వధింపరాని ప్రాణులను లెక్కపెట్టాడు. కొన్ని పర్వదినాలలో చేపలను చంపరాదు, అమ్మరాదు అని అందులోనే ఉన్నది. నేడు తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మోటారు పడవల వేటను ప్రభుత్వం నిషేధిస్తున్నది. అశోకుని కారణం అహింస, నేటి కారణం సంతానోత్పత్తి. చేపకు మాత్రం రెండూ ఒకటే. 1897 నాటి భారతీయ మత్స్యచట్టం నీళ్ళలో మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని నేరమన్నది. అంటే ఆనాటికే ఆ పాపం అంతగా ప్రబలిందన్నమాట.

ఇన్ని ఉన్నా ఏం జరిగింది? 2017 నవంబరు 12న కృష్ణానదిలో పవిత్రసంగమం దగ్గర కార్తికమాసపు విహారానికి వెళ్ళిన పడవ తిరగబడి ఇరవైమందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర, వరద ఉద్ధృతంగా ఉన్న రోజులలో, పాపికొండల విహారానికి బయలుదేరిన పడవ మునిగి యాభైమంది వరకు జలసమాధి అయ్యారు. వేళగాని వేళ, తగిన సామగ్రి లేని నావ. కౌటిల్యుడు చెప్పిన రెండు దోషాలూ ఈ దుర్ఘటనలలో కనిపిస్తాయి. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది. మంచిదే. కాని చట్టం పడవలో మన పక్కన కూర్చోదు.

బీల చెప్పిన పాఠం

ఒకరోజు విహారానికి వచ్చేవారికి ఈ సంగతి ఎందుకు అనవచ్చు. మనం ఏ నీళ్ళలో గాలం వేస్తున్నామో ఆ నీళ్ళు మిగలడానికి ఎవరు ఏమి చెల్లించారో తెలియాలి గనుక చెబుతున్నాను. సోంపేట బీలను, కాకరాపల్లి తంపరను పనికిరాని బంజరుగా లెక్కకట్టి బొగ్గు విద్యుత్కేంద్రాలకు కేటాయించినప్పుడు అక్కడి రైతులు, మత్స్యకారులు అడ్డుపడ్డారు. 2010 జులై 14న సోంపేటలోనూ, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి ప్రాంతంలోనూ పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. సోంపేట కాల్పుల వెంటనే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దుచేసింది. కాగితంలో బంజరు అని రాసినదాన్ని అక్కడివారు బీల అని పిలిచారు. మాటకు ఉన్న విలువ ఇది. ఒక నీటిచోటుకు పేరు ఉన్నదంటే దానిమీద బ్రతికినవారు ఉన్నారని అర్థం.

ఆ తంపర పక్కనే టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉన్నది. ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలలలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊళ్ళోని చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, వేసవి ముదిరే వేళకు పిల్లలతో వెళ్ళిపోతాయి. ఊరివారు వాటిని ఆడపడుచులవలె చూస్తారు. 2021-22 శీతకాలంలో అక్కడ వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. అవి తిన్న చేపల ద్వారా కడుపులో పురుగులు చేరడం కారణమని పరీక్షలలో తేలింది. చేప చెడితే పక్షి చెడింది. మనిషి తిండికి కూడా ఆ చెరువులే ఆధారమని గుర్తుంచుకోవాలి.

విహారం చేసేవారికి

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను.

కాలం. అక్టోబరు రెండవ వారాన్ని మా తీరం మరువదు. 2013లో ఫైలిన్ 12వ తేదీన, 2014లో హుద్‌హుద్ 12వ తేదీన, 2018లో తిత్లీ 11వ తేదీన తీరం తాకాయి. తిత్లీ పలాస దగ్గరనే దాటి ఉద్దానంలోని కొబ్బరిని, జీడిని నేలమట్టం చేసింది. అందుచేత దసరా సెలవులలో నీటి మీదికి రాకండి. సంక్రాంతి నుంచి శివరాత్రి వరకు ఉత్తమం. అప్పుడు ఆకాశం తేట, సముద్రం నెమ్మది. ఏప్రిల్, మే నెలలలో మధ్యాహ్నం దాటాక ఉరుములు మెరుపులు హఠాత్తుగా వస్తాయి. బయలు చెరువులో ఎత్తుగా నిలిచిన గాలపుకర్ర పిడుగును పిలుస్తుంది. ఉరుము వినబడగానే కర్ర కింద పడేసి, నీళ్ళు విడిచి, పక్కా కట్టడంలోకి పోవాలి. చెట్టు కింద నిలబడరాదు.

వేళ. తెల్లవారుజామున గాలి నేల నుంచి సముద్రం మీదికి వీస్తుంది, మధ్యాహ్నానికి సముద్రం నుంచి నేలకు తిరుగుతుంది. తెరచాప కాలంలో జాలరులు మొదటి గాలికి వెళ్ళి రెండవ గాలికి వచ్చేవారు. విహారికి మాత్రం మొదటి గాలి మోసం చేసేది. గాలి వెనుక నుంచి నెడుతుంటే తేలికగా దూరం పోతాము, తిరిగి రావడం కష్టమవుతుంది. గాలికి ఎదురుగా బయలుదేరి, గాలివాటున తిరిగి రావాలి. చెరువులో తెడ్డు వేసేవానికీ ఇదే సూత్రం. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ కెరటాల ఎత్తును, గాలివేగాన్ని ముందుగా ప్రకటిస్తుంటుంది. అది చూచి, ఆపై రేవులో ఉన్న పెద్దవాణ్ణి కూడా అడిగి, ఇద్దరూ సరే అంటేనే కదలండి.

మొగ. పోటు తీసి నీరు సముద్రంలోకి లాగే వేళ మొగలో ఉండరాదు. లోపలి నుంచి పోయే ప్రవాహానికి బయటి కెరటం ఎదురుతగిలి నిలువుగా లేస్తుంది. చిన్న పడవ అక్కడ బోర్లపడుతుంది. మొగ అంచున ఇసుక మెత్తగా జారుతుంది. పిల్లలను అక్కడ ఆడనివ్వకండి. వంశధార మొగ అయినా, మహేంద్రతనయ మొగ అయినా గట్టుమీద నుంచి చూడడానికే అందం.

పడవ. ఎంతమంది పడతారో పడవవాడు చెప్పిన లెక్కకు ఒకరిని తగ్గించండి. ప్రతి ఒక్కరికీ తేలుడు చొక్కా ఉండాలి, అది ఒంటిమీద ఉండాలి. బల్ల కింద దాచిన చొక్కా మునిగినవానికి అందదు. ఈత వచ్చినా తొడుగుకోవాలి. ఫొటో కోసం అందరూ ఒకవైపు లేచి నిలబడరాదు. నీరు తోడే చెంబు, తాడు, కత్తి, అదనపు తెడ్డు ఉన్నాయేమో ముందే చూచుకోండి. కౌటిల్యుని జాబితా నేటికీ సరిపోతుంది.

గాలం. ఊరి చెరువు ఎవరిదీ కాదనుకోవడం పొరపాటు. చాలా చెరువులలో చేపల హక్కు మత్స్యకార సహకారసంఘాలకు పాటకు ఇచ్చి ఉంటుంది. అడిగి, అనుమతి తీసుకొని, వారు కోరినది ఇచ్చి గాలం వేయండి. అడిగినవానికి ఎక్కడ ఏ చేప ఉన్నదో వారే చెబుతారు. వెదురుకర్ర, సన్నని దారం, జీలుగుబెండు, వానపాము ఎర చాలు పరిగెలకూ గొరకలకూ. కొరమీనుకు బ్రతికిన చిన్నచేప కావాలి. తొలకరిలో కొత్తనీటికి ఎదురెక్కే చేప కడుపుతో ఉంటుంది, దాన్ని పట్టకండి. చెరువు అంచున ఎర్రగా ఒక గుంపు మిలమిలా కదులుతుంటే అవి కొరమీను పిల్లలు. తల్లీతండ్రీ వాటి కిందనే కావలి ఉంటాయి. అక్కడ గాలం వేసి ఒక్క చేపను పట్టినా వందల పిల్లలు దిక్కులేనివవుతాయి. ఇంగిలాయి, జెల్లల ముళ్ళు గుచ్చుకుంటే విపరీతమైన పోటు. గుడ్డతో పట్టుకోండి, గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీటిలో చేయి ఉంచి, తగ్గకపోతే వైద్యుని దగ్గరకు పోండి. తెగిన నైలాను దారం నీటిలో వదలకండి, అది పక్షి కాలికి ఉరి. తేలినీలాపురం చుట్టుపక్కల గాలం ఎత్తకండి, అక్కడి చేప అతిథులది.

నీరు. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇళ్ళను చీకటి చేసిందో మీరు వినే ఉంటారు. పలాసలో ఇందుకోసమే 2023 డిసెంబరులో ప్రత్యేక ఆసుపత్రి, పరిశోధనకేంద్రం ప్రారంభమయ్యాయి. వ్యాధికి కారణం ఇదమిత్థమని శాస్త్రజ్ఞులు తేల్చలేదు. మీరు తాగే నీళ్ళు మీరు వెంట తెచ్చుకోండి, ఎండలో తరచుగా తాగుతుండండి, ఖాళీసీసాలు తిరిగి పట్టుకుపోండి.

తీరం. చలికాలం చివర ఈ తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెడతాయి. రాత్రివేళ దీపాలు, మంటలు వద్దు. సముద్రపు వెలుగును చూచి నీటి దారి పట్టే ఆ పిల్లలు మన దీపాన్ని చూచి దారి తప్పుతాయి.

ఇక చివరి మాట. మనకొక సామెత ఉన్నది: ఏరు దాటేదాకా ఓడమల్లన్న, ఏరు దాటాక బోడిమల్లన్న. కృతఘ్నతకు ఇంతకంటె సూటియైన సామెత లేదు. పెరిప్లస్ రాసినవాడూ, రస్సెలూ, థామసూ, స్నానాలకు పూరీ వెళ్ళిన మన తాతలూ అందరూ ఈ తీరపు మల్లన్నలనే నమ్ముకున్నారు. పుస్తకాలకు ఎక్కినది వీరు, ఎక్కించినది వారు. అందుచేత మీరు మా ఉద్దానానికి వచ్చిన రోజున పడవ దిగాక అతని పేరు అడగండి. పిల్లలచేత అతనికి నమస్కారం పెట్టించండి. బేరం ఆడకుండా కూలి ఇవ్వండి. అతడు నీటిని గురించి, గాలిని గురించి, చేపను గురించి చెప్పిన మాటలలో మీకు కొత్తవి తగిలితే రాసి ఉంచండి. గెడ్డ, బీల, తంపర, మొగ వంటి మాటలు మీ మీ ఊళ్ళలో ఇంకా ఏమేమి ఉన్నాయో మిత్రులు వ్యాఖ్యలలో తెలియజేస్తే సంతోషిస్తాను. ఆ మాటలు పోతే, ఆ నీళ్ళను బంజరు అని రాయడం తేలికవుతుంది.